ఎన్‌కే కణాలు బిడ్డను చంపుతాయా? మాయ దగ్గర అసలు జరిగేది ఏమిటి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీది మేనరికం. రెండుసార్లు గర్భం వచ్చి, రెండుసార్లూ మూడో నెల నిండకుండానే పోయింది. రక్తపరీక్షలో ఎన్‌కే సెల్స్ (నేచురల్ కిల్లర్ అనే ఒక రకం తెల్లరక్తకణాలు) 18 శాతం అని వచ్చింది. ఈ కణాలు బిడ్డను పరాయిదనుకుని చంపేస్తున్నాయని, వాటిని అణచడానికి ఇంట్రాలిపిడ్ సెలైన్, స్టెరాయిడ్ మాత్రలు, ఇంకా మీవారి తెల్లరక్తకణాలతో ఇంజెక్షన్లు అవసరమని చెప్పారు. "నా ఒళ్లే నా బిడ్డల్ని చంపుకుందా?" అని అడిగారు.

ఆ చివరి మాటకే ముందు జవాబు చెబుతాను. లేదమ్మా. ఆ రిపోర్టులోని అంకె అలాంటిదేమీ చెప్పడం లేదు. నేను ప్రసూతి వైద్యురాలిని. మాయ (ప్లాసెంటా) మీద, అది అంటుకుని ఉండే గర్భాశయపు పొర మీద ల్యాబ్‌లో కూడా చాలాకాలం పనిచేశాను. మీకు చెప్పిన కథ ఎక్కడ తప్పో తెలియాలంటే మాయ దగ్గర రోగనిరోధక కణాలు ఏం మాట్లాడుకుంటాయో కొంచెం వివరంగా చెప్పాలి. కాస్త ఓపిగ్గా చదవండి.

మొదట ఆ 18 సంగతి. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ల రక్తంలోనే, లింఫోసైట్లలో (తెల్లరక్తకణాల్లో ఒక తరగతి) ఎన్‌కే కణాలు 5 నుంచి 29 శాతం దాకా ఉంటాయి. మీ అంకె దానికి మధ్యలో ఉంది. జలుబు చేసినా, గబగబా మెట్లెక్కి వచ్చి రక్తం ఇచ్చినా, సూది చూసి టెన్షన్ పడినా ఆ అంకె మారిపోతుంది. అంతకంటే పెద్ద సంగతి ఏమిటంటే, రక్తంలో తిరిగే ఎన్‌కే కణాలూ గర్భాశయంలో ఉండే ఎన్‌కే కణాలూ ఒక్కటి కావు. రక్తంలోని వాటిలో దాదాపు 90 శాతం సీడీ16 అనే గుర్తు ఉన్నవి. వైరస్ సోకిన కణాన్ని చురుగ్గా చంపేవి అవే. గర్భాశయంలోని వాటికి సీడీ56 గుర్తు బాగా ఎక్కువ, సీడీ16 దాదాపు ఉండదు. చంపడానికి కావలసిన సరంజామా వాటిలోనూ ఉంటుంది, కానీ మాయ కణం ఎదురుపడితే దాన్ని వాడవు. మోచేతి దగ్గర తీసిన రక్తాన్ని బట్టి గర్భాశయంలో ఏం జరుగుతోందో చెప్పడం సాధ్యం కాదు.

గర్భం వచ్చాక గర్భాశయపు లోపలి పొరను డెసిడ్యువా అంటాం. మొదటి మూడు నెలల డెసిడ్యువా ముక్కకు సీడీ56 రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే, గ్రంథుల పక్కన, రక్తనాళాల చుట్టూ గోధుమరంగు కణాలు కిక్కిరిసి కనిపిస్తాయి. మొదటిసారి చూసిన విద్యార్థులు "ఇది ఇన్ఫెక్షనా మేడమ్?" అని అడుగుతారు. కాదు, చక్కగా ఉన్న గర్భాల్లోనే ఆ పొరలోని తెల్లరక్తకణాల్లో సుమారు 70 శాతం ఎన్‌కే కణాలు. ఒంట్లో మరెక్కడా వాటి వాటా ఇంత ఉండదు.

వాటిని పెంచేది మీ శరీరమే. ప్రతి నెలా అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ పెరుగుతుంది. దాని ప్రభావంతో ఆ పొరకు ఆధారంగా ఉండే స్ట్రోమా కణాలు ఇంటర్‌ల్యూకిన్-15 అనే సంకేతాన్ని వదులుతాయి. ఎన్‌కే కణాలు బతకడానికీ, సంఖ్య పెరగడానికీ ఆ సంకేతం కావాలి. గర్భం రాకపోతే పొరతోపాటే అవీ పోతాయి. వస్తే ఇంకా పెరుగుతాయి. ఇరవయ్యో వారం దాటాక తగ్గుతూ వచ్చి, నెలలు నిండేసరికి కొద్దిగానే మిగులుతాయి. గర్భాశయం నుంచి ముక్క తీసి ఎన్‌కే కణాలు లెక్కపెట్టే పరీక్షను కూడా నేను నమ్మకపోవడానికి కారణం ఇదే. రెండు మూడు రోజులు ముందో వెనకో తీస్తే అంకె మారుతుంది. ఇంకో మాట కూడా ఆలోచించండి. గర్భం నిలవడానికి ఏ హార్మోన్ లేనిదే కుదరదో, అదే ఈ కణాల్ని పెంచుతోంది. అవి బిడ్డకు శత్రువులైతే ఈ ఏర్పాటు ఉండేది కాదు కదా.

ఇక మాయ వైపు నుంచి చూద్దాం. తల్లి రోగనిరోధక కణాలకు తగిలేది బిడ్డ ఒళ్లు కాదు, మాయలోని ట్రోఫోబ్లాస్ట్ కణాలు. అది రెండు చోట్ల జరుగుతుంది. మొదటిది తల్లి రక్తంలో నేరుగా మునిగి ఉండే పొర, సిన్సీషియోట్రోఫోబ్లాస్ట్. లెక్కలేనన్ని కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, మధ్యలో అతుకుల్లేని ఒకే పొరగా మారతాయి. నెలలు నిండే నాటికి దాని వైశాల్యం 10 నుంచి 12 చదరపు మీటర్లు. ఆ కణాల్ని కలిపే సిన్సిటిన్-1 అనే ప్రోటీన్, రెండు కోట్ల ఏళ్లకు పైగా కిందట మన పూర్వీకుల జన్యువుల్లో చేరిపోయిన ఒక రెట్రోవైరస్ నుంచి వచ్చిందని 2000లో తేలింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు ఆశ్చర్యమే. ఈ పొర మీద హెచ్‌ఎల్‌ఏ గుర్తులు ఉండవు. "ఇది నాది, ఇది పరాయిది" అని టీ కణాలు (దాడి చేసే మరో రకం తెల్లరక్తకణాలు) తేల్చుకునేది ఆ గుర్తులతోనే. చూడటానికి ఏమీ లేనప్పుడు అవి దాడికి దిగలేవు.

రెండో చోటే అసలు సంభాషణ. మాయ నుంచి కొన్ని ట్రోఫోబ్లాస్ట్ కణాలు విడివడి తల్లి కణజాలంలోకి చొచ్చుకుపోతాయి. వీటి మీద మార్పిడి చేసిన కిడ్నీని తిప్పికొట్టించే హెచ్‌ఎల్‌ఏ-ఏ, హెచ్‌ఎల్‌ఏ-బి ఉండవు. హెచ్‌ఎల్‌ఏ-సి, ఇ, జి ఉంటాయి. ఇందులో జి ఒంట్లో మరెక్కడా దాదాపు కనిపించదు. ఎన్‌కే కణం మీద ఎన్‌కేజీ2ఏ అనే గ్రాహకం (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) ఉంటుంది. అది హెచ్‌ఎల్‌ఏ-ఇని పట్టుకోగానే చంపే పనికి అడ్డుకట్ట పడుతుంది. హెచ్‌ఎల్‌ఏ-జి, మాక్రోఫేజ్‌లనే మరో రకం రోగనిరోధక కణాల మీది ఎల్‌ఐఎల్‌ఆర్‌బి1 గ్రాహకంతో కలిసి వాటిని శాంతపరుస్తుంది. ఈ రెండూ అందరిలోనూ ఇంచుమించు ఒకేలా పనిచేస్తాయి. మనిషికీ మనిషికీ తేడా వచ్చేది హెచ్‌ఎల్‌ఏ-సి దగ్గర. అందులో సగం తండ్రి నుంచి వచ్చింది, తల్లికి అది నిజంగా కొత్తది. దాన్ని చదివేవి తల్లి ఎన్‌కే కణాల మీది కేఐఆర్ గ్రాహకాలు.

ఈ కేఐఆర్ జన్యువులు స్థూలంగా రెండు రకాల సముదాయాలుగా వస్తాయి, ఏ అని, బి అని. ఏ రకంలో ఉన్నవి ఎక్కువగా "ఆగు" అని చెప్పే గ్రాహకాలు. బి రకంలో "పని మొదలుపెట్టు" అని చెప్పేవి అదనంగా ఉంటాయి. హెచ్‌ఎల్‌ఏ-సి కూడా సి1, సి2 అని రెండు గుంపులు. కేంబ్రిడ్జిలో ఆష్లీ మోఫెట్ బృందం 2004లో ప్రచురించిన పరిశోధనలో తేలింది ఇది: తల్లికి రెండు వైపులా ఏ రకమే ఉండి, బిడ్డకు సి2 వస్తే, ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు) ముప్పు ఎక్కువ. అంటే ఎన్‌కే కణానికి "ఆగు" అన్న సంకేతం మరీ గట్టిగా అందిన గర్భాలు ఇబ్బందుల్లో పడుతున్నాయి. తల్లికి కేఐఆర్2డీఎస్1 అనే ఉత్తేజపరిచే గ్రాహకం ఉంటే ముప్పు తగ్గుతోంది. 2013లో అదే బృందం కారణం కూడా చూపించింది. ఆ గ్రాహకానికి సి2 తగిలినప్పుడు ఎన్‌కే కణం జీఎం-సీఎస్‌ఎఫ్ అనే సంకేతాన్ని విడుదల చేస్తుంది, దానితో ట్రోఫోబ్లాస్ట్ మరింత ముందుకు కదులుతుంది. జపాన్‌లో రెండు వైపులా ఏ రకం ఉన్నవాళ్లు చాలా ఎక్కువ, సి2 ఉన్నవాళ్లు తక్కువ. కష్టమైన జోడీ అక్కడ అరుదుగానే పడుతుంది.

మీ రిపోర్టు చూస్తూ ఆలోచించాల్సింది ఇదేనమ్మా. ఎన్‌కే కణాలు మరీ చురుగ్గా ఉండటం వల్ల కాదు, చాలినంత చురుగ్గా లేకపోవడం వల్ల గర్భాలు దెబ్బతింటున్నాయని ఈ పరిశోధన సూచిస్తోంది. అలాంటప్పుడు వాటిని అణచడానికి మందు ఇవ్వడం ఏ తర్కం?

వాటి పని ఏమిటంటే దారి చేయడం. గర్భాశయంలో మెలికలు తిరిగిన సన్నటి స్పైరల్ ధమనులు ఉంటాయి. వాటి గోడల్లో కండర కణాలు ఉండటం వల్ల అవి బిగుసుకోగలవు. ఎన్‌కే కణాలు వీఈజీఎఫ్, పీఎల్‌జీఎఫ్ లాంటి సంకేతాలూ, గోడను వదులు చేసే ఎంజైములూ విడుదల చేసి, ట్రోఫోబ్లాస్ట్ రాకముందే ఆ కండరాన్ని సడలించడం మొదలుపెడతాయి. తర్వాత ట్రోఫోబ్లాస్ట్ వచ్చి ధమని గోడలో కుదురుకుంటుంది. ఎలుకల్లో గర్భాశయపు ఎన్‌కే కణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్-గామా లేకపోతే ఈ ధమనులు వెడల్పు కావని 2000లోనే చూపించారు. వెడల్పు కావడం ఎందుకంటే, ఇరుకు తూములోంచి దూసుకొచ్చే నీళ్లు నారును పెకలిస్తాయి, తూము నోరు వెడల్పు చేస్తే అవే నీళ్లు నెమ్మదిగా పారి మడంతా తడుపుతాయి. మాయకు కావలసింది అలాంటి నిండైన, నిదానమైన ప్రవాహం. ఈ పని ఇరవయ్యో వారం లోపు చాలావరకు పూర్తవ్వాలి. సగంలో ఆగితే బిడ్డ ఎదుగుదల తగ్గడం, తల్లికి బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా రావడం జరుగుతాయి. ఒత్తిడికి గురైన మాయ ఎస్‌ఎఫ్‌ఎల్‌టి-1 అనే ప్రోటీన్‌ను తల్లి రక్తంలోకి వదిలి, రక్తనాళాలకు అవసరమైన వీఈజీఎఫ్, పీఎల్‌జీఎఫ్‌లను పట్టేస్తుందని భారత మూలాలున్న అనంత్ కరుమంచి బృందం 2003లో కనిపెట్టింది. బీపీ రోగం మాయలో మొదలై తల్లి కిడ్నీ దాకా ఎలా వెళుతుందో దానితో అర్థమైంది.

చొచ్చుకుపోవడానికి హద్దు లేకపోతే అదీ ప్రమాదమే. పాత సిజేరియన్ మచ్చ దగ్గర డెసిడ్యువా సరిగ్గా ఉండదు, ఎన్‌కే కణాలతో సంభాషణ ఉండదు. ట్రోఫోబ్లాస్ట్ కండరంలోకి దిగిపోతుంది. కాన్పులో మాయ ఊడిరాదు, రక్తం ఆగదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. మాయ కండరంలో దిగబడిన కేసు ఒక్కటి ఆపరేషన్ టేబుల్ మీద చూసినవాళ్లు ఈ అంకెల్ని తేలిగ్గా తీసుకోలేరు. మీ ప్రశ్నకు కొంచెం పక్కకు వెళ్లాను గానీ, ఇది చెప్పకుండా ఉండలేను.

2018లో మొదటి మూడు నెలల మాయ, డెసిడ్యువాల నుంచి సుమారు 70 వేల కణాలను ఒక్కొక్కటిగా చదివి, ఏ కణం ఏ సంకేతం పంపుతోందో, ఏ కణం దాన్ని అందుకుంటోందో పటం గీశారు. అందులో ఎన్‌కే కణాలే మూడు రకాలుగా తేలాయి. వాటిలో ఒక రకం ప్రత్యేకంగా ట్రోఫోబ్లాస్ట్‌తో మాట్లాడటానికి తయారై ఉంటుంది. రక్తపరీక్షలో "ఎన్‌కే, ఇంత శాతం" అని ఒక్క అంకె ఇచ్చే రిపోర్టును దీని పక్కన పెట్టి చూడండి.

2020లో బోస్టన్ పరిశోధకులు చూపించిన సంగతి నాకు చాలా ఇష్టం. లిస్టీరియా అనే బాక్టీరియా మాయ కణంలో దూరితే, డెసిడ్యువాలోని ఎన్‌కే కణం సన్నటి గొట్టం లాంటి వంతెన చాచి గ్రాన్యులైసిన్ అనే ప్రోటీన్‌ను ఆ కణంలోకి పంపుతుంది. లోపలి బాక్టీరియా చస్తుంది, మాయ కణం బతుకుతుంది. చంపే శక్తి ఉన్న కణం ఎవరిని చంపాలో, ఎవరిని కాపాడాలో ఇంత కచ్చితంగా ఎంచుకుంటుంది. (లిస్టీరియా కాచని పాల నుంచి కూడా వస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు పాలు కాచే తాగండి.)

మరి టీ కణాల సంగతి? 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడవార్ ఈ చిక్కుముడిని మొదటిసారి స్పష్టంగా అడిగాడు. సగం పరాయిదైన బిడ్డను తల్లి శరీరం ఎందుకు తిప్పికొట్టదు? తల్లి రోగనిరోధక వ్యవస్థ గర్భంలో మందగిస్తుందేమోనన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. అది నిజం కాదని తర్వాత తెలిసింది. మందగించదు, స్థానికంగా నియమాలు మార్చుకుంటుంది. ఎలుకల డెసిడ్యువాలో దాడి చేసే టీ కణాలను పిలిచే కీమోకైన్లనే సంకేతాల జన్యువులే మూతపడతాయని 2012లో తేలింది. వచ్చిన కొన్నింటిని అదుపులో పెట్టేవి రెగ్యులేటరీ టీ కణాలు. వాటిని గుర్తించిన షిమోన్ సకాగుచికి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిపి 2025లో నోబెల్ వచ్చింది. ఎలుకల్లో ఈ కణాలు లేకపోతే తండ్రి పోలికలున్న పిల్లలు గర్భంలో నిలవవు. ఒకసారి గర్భం దాల్చిన ఎలుకలో ఇవి జ్ఞాపకంగా మిగిలి, అదే తండ్రితో తర్వాతి గర్భంలో త్వరగా పెరుగుతాయి. ప్రీఎక్లాంప్సియా తొలి కాన్పులో ఎక్కువ రావడానికి ఇదొక కారణం కావచ్చు.

"ఇన్‌ఫ్లమేషన్ ఉంటే గర్భం పోతుంది" అన్న మాట కూడా మీకు చెప్పి ఉంటారు. 1993లో టామ్ వెగ్‌మన్ ప్రతిపాదించిన టీహెచ్1, టీహెచ్2 సిద్ధాంతం దాని మూలం. ఇన్‌ఫ్లమేషన్ రేపే టీహెచ్1 రకం టీ కణాల స్పందన గర్భానికి చేటు, టీహెచ్2 రకం మేలు అన్నది అందులోని మాట. ఆ రోజుల్లో అది మంచి ఆలోచనే. కానీ పిండం అంటుకోవడమే ఒక రకం ఇన్‌ఫ్లమేషన్, నొప్పులు మొదలవడం ఇంకో రకం. మధ్య నెలలే ప్రశాంతం. ఆ నిష్పత్తి కొలిచి చికిత్స చేస్తామనే పరీక్షలకు ఇప్పుడు ఆధారం లేదు.

చికిత్సల దగ్గరికి వస్తాను. ఇంట్రాలిపిడ్ అంటే సోయా నూనె, గుడ్డు నుంచి తీసిన కొవ్వు కలిపిన సెలైన్. నోటితో తినలేని రోగులకు పోషణ కోసం తయారుచేసినది. ల్యాబ్ గిన్నెలో ఎన్‌కే కణాల చురుకు తగ్గిస్తుంది. వరసగా గర్భాలు పోయినవాళ్లలో బిడ్డ చేతికొచ్చే అవకాశం పెంచుతుందనడానికి చాలినంత ఆధారం లేదని యూరోపియన్ సంతాన వైద్య సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎన్‌కే పరీక్ష గురించీ అదే మాట. స్టెరాయిడ్ మీద 1997లో కెనడాలో మంచి ట్రయల్ జరిగింది. బిడ్డలు ఎక్కువ నిలవలేదు సరికదా, తల్లులకు షుగర్, బీపీ, బిడ్డలకు నెలలు నిండకుండా పుట్టడం ఎక్కువయ్యాయి. భర్త తెల్లరక్తకణాల ఇంజెక్షన్లైతే ఇంకా స్పష్టం. 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్‌లో ఆ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లలో గర్భం నిలిచిన వాళ్లు తీసుకోనివాళ్లకంటే తక్కువ. ట్రయల్స్‌లో తప్ప వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో చెప్పింది. అది ఇంకొకరి రక్త ఉత్పత్తి, రక్తం ద్వారా వచ్చే జబ్బుల భయమూ ఉంటుంది. ఈ ఇంజెక్షన్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దని గట్టిగా చెబుతున్నాను.

"ఫలానా ఆవిడకు సెలైన్ పెట్టాకే నిలిచింది" అని మీ అత్తగారు అన్నారని రాశారు. ఆమె అబద్ధం చెప్పలేదు. కానీ రెండుసార్లు పోయినవాళ్లలో ఎక్కువమందికి ఏ ఇమ్యూన్ చికిత్సా లేకుండానే తర్వాతి గర్భం నిలుస్తుంది. అప్పుడు ఏ మందు వాడి ఉంటే పేరు దానికి పోతుంది.

మేనరికం సంగతి. భార్యాభర్తల హెచ్‌ఎల్‌ఏ కలిస్తే తల్లి శరీరం బిడ్డను గుర్తుపట్టదని, అందుకే గర్భం పోతుందని ఒక పాత సిద్ధాంతం ఉంది. భర్త కణాల ఇంజెక్షన్లు పుట్టింది దాంట్లోంచే. మేనరికాలు మామూలైన తమిళనాడులో 1970ల్లో పెద్ద ఎత్తున పరిశీలిస్తే, రక్తసంబంధపు పెళ్లిళ్లలో గర్భస్రావాలు చెప్పుకోదగినంత ఎక్కువ కనిపించలేదు. బిడ్డకు కొన్ని జన్యు వ్యాధులు వచ్చే అవకాశం మేనరికంలో ఎక్కువన్నది వేరే విషయం, దానికి జెనెటిక్ కౌన్సెలింగ్ తీసుకోండి. కానీ మీ గర్భాలు పోవడానికి మీ బావను చేసుకోవడమే కారణమని ఎవరన్నా నమ్మకండి.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. మీ కాగితాలన్నీ చూడకుండా మందు చెప్పను గానీ, మీరు రాసిన పరీక్షల జాబితాలో అసలువే లేవు. నిజంగా రోగనిరోధక వ్యవస్థ వల్ల గర్భం పోయే జబ్బు ఒకటి గట్టిగా రుజువైనది ఉంది, యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. అందులో యాంటీబాడీలు ట్రోఫోబ్లాస్ట్ మీది బీటా-2 గ్లైకోప్రోటీన్‌కు అంటుకుని కాంప్లిమెంట్ వ్యవస్థను (రక్తంలోని రక్షణ ప్రోటీన్లను) రేపుతాయి, రక్తం గడ్డకట్టే గుణాన్నీ పెంచుతాయి. లూపస్ యాంటీకోయాగులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రోటీన్ అని మూడు పరీక్షలు. పాజిటివ్ వస్తే 12 వారాలు ఆగి మళ్లీ చేయాలి. రెండుసార్లూ వస్తేనే జబ్బు ఉన్నట్టు. దానికి తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ ఇస్తారు. థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించండి. గర్భాశయంలో అడ్డుపొర ఉందేమో త్రీడీ స్కాన్‌లో చూడాలి. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల పొరపాటు వల్లే. అది ఆ ఒక్క గర్భానికి సంబంధించినది, మీ ఒంటి దోషం కాదు. మళ్లీ అలా జరగకూడదు, జరిగితే ఆ కణజాలాన్ని పారేయకుండా జన్యు పరీక్షకు పంపమని అడగండి.

తర్వాతి గర్భంలో మొదట్లో రక్తం కనిపిస్తే వెంటనే వెళ్లండి. ముందు గర్భాలు పోయి, ఈసారి రక్తస్రావం అవుతున్నవాళ్లకు యోనిలో పెట్టే ప్రొజెస్టిరాన్ కొంత మేలు చేస్తుందని బ్రిటన్‌లో జరిగిన ప్రిజమ్ ట్రయల్ 2019లో చూపించింది. 11 నుంచి 13 వారాల స్కాన్‌లో గర్భాశయ ధమనుల డాప్లర్ (రక్తప్రవాహం చూసే పరీక్ష), మీ బీపీ కలిపి ప్రీఎక్లాంప్సియా ముప్పు లెక్కగట్టించుకోండి. ఎక్కువని వస్తే 16 వారాల లోపే రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మొదలుపెడతారు. 2017 నాటి ఆస్ప్రీ ట్రయల్‌లో దానివల్ల నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గింది. ఎవరికి పడితే వాళ్లు సొంతంగా వేసుకునే మాత్ర కాదు, మీ డాక్టరే నిర్ణయించాలి.

సెలైన్‌కు వచ్చే వారం అపాయింట్‌మెంట్ ఉందన్నారు. దాన్ని వాయిదా వేసి, ముందు ఆ మూడు యాంటీబాడీ పరీక్షలు, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), త్రీడీ స్కాన్ చేయించండి. గర్భం పోయి మీకు ఇంకా ఆరు వారాలు కాలేదంటే యాంటీబాడీ పరీక్షకు మాత్రం ఆ ఆరు వారాలు ఆగండి, లేకపోతే ఫలితం తప్పుదోవ పట్టించవచ్చు.